రెండో సాకెట్‌కు పదోన్నతి

ఆ సోమవారం ఉదయం ఇంట్లో గొడవ టిఫిన్ డబ్బా మూత దగ్గర మొదలైంది. మూత సరిగ్గా పట్టడం లేదని గుమాస్తా, పట్టేలా పెట్టడం రావాలని ఆయన భార్య.

"ఇరవై రెండేళ్లుగా ఇదే మూతండీ. దానికి లేని పేచీ మీకెందుకు?"

ఆయన డబ్బాను అలాగే సంచీలో పెట్టుకున్నాడు. ఉన్న కాస్త ఓపికనూ సాయంత్రం ఐదింటిలోగా పంపాల్సిన దరఖాస్తు కోసం దాచుకున్నాడు. ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉన్న తమ ఆఫీసు శాఖలో మూడు వారాల కిందట ఒక గుమాస్తా ఉద్యోగం ఖాళీ అయింది. పద్నాలుగేళ్లుగా రోజుకు నాలుగు బస్సులు ఎక్కి దిగుతున్న మనిషికి అది చిన్న విషయం కాదు. బదిలీ కోరేవాళ్లు ఆఫీసు కంప్యూటర్ నుంచే దరఖాస్తు పంపాలి. ఇవాళే ఆఖరు రోజు.

ఆఫీసుకు చేరి కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మూల ఎర్ర గుర్తు కనిపించింది. నెట్‌వర్క్ లేదు. మూడుసార్లు ఆపి మూడుసార్లు పెట్టాడు. గుర్తు చెక్కుచెదరలేదు. పక్క బల్ల టైపిస్టుకూ అదే తంతు, ఎదురు బల్ల క్యాషియర్‌కూ అదే.

సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే ఫిర్యాదు నెట్‌లో నమోదు చేయమన్నారు. నెట్ లేదన్నదే తన ఫిర్యాదని ఆయన రెండుసార్లు వివరించాక, అవతలి మనిషి జాలిపడి, సాయంత్రానికి మెకానిక్‌ను పంపిస్తానన్నాడు. ఈలోగా తీగలేవైనా కదిపారా అని అడిగాడు.

"లేదండీ, ఎవరూ ముట్టుకోలేదు," అన్నాడు గుమాస్తా. అబద్ధం చెబుతున్నానని ఆయనకు ఏ కోశానా అనిపించలేదు.

నిజానికి శనివారం సాయంత్రం మేనేజరు తీగ ఒక్కటి తప్ప అన్నీ కదిలాయి. గోడకున్న నెట్‌వర్క్ డబ్బాకు ఎనిమిది సాకెట్లు. మొదటిది మేనేజరుది, రెండోది పెద్ద గుమాస్తాది, ఆ తర్వాత హోదా వరసన మిగిలినవాళ్లవి. ఏ సాకెట్ అయినా ఒకటేనని వీళ్లకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మేవాళ్లు కారు. శుక్రవారం పెద్ద గుమాస్తా రిటైరయ్యాడు. శనివారం కుర్చీలతోపాటు తీగలూ జరిగాయి. మూడులో ఉన్న ఈయన రెండుకు, టైపిస్టు మూడుకు, క్యాషియర్ నాలుగుకు. మేనేజరు సంతకంతో ఉత్తర్వు కూడా వెలువడింది, ముసాయిదా ఈయనదే. ఉత్తర్వు ప్రకారం జరిగిన పనిని కదపడం అని ఎవరంటారు?

పదకొండింటికి క్యాషియర్, డబ్బా వేడెక్కిందని తేల్చి, మేనేజరు గదిలోని ఫ్యాన్ తెచ్చి దానికి ఎదురుగా పెట్టాడు. డబ్బా చల్లబడింది, మేనేజరు ఉడికిపోయాడు. చెమట తుడుచుకుంటూ వచ్చి, అన్నీ ఒకేసారి ఆపి పెడితే బాగవుతాయంటూ మెయిన్ స్విచ్ కట్టేశాడు. టైపిస్టు పొద్దుటి నుంచి కొడుతున్న పద్దెనిమిది పేజీల నివేదిక గాలిలో కలిసిపోయింది.

"గురువుగారూ, పదోన్నతి మీకు, పాట్లు నాకా?" అందామె నీరసంగా.

మధ్యాహ్నం పై అంతస్తు బీమా ఆఫీసువాళ్లను బతిమాలి, కిటికీలోంచి వాళ్ల తీగ ఒకటి కిందికి లాగి డబ్బాలో పెట్టారు. ఐదు నిమిషాల్లో బీమా ఆఫీసు నెట్ కూడా పోయింది. అదే లైను వాడుకుంటున్న పళ్ల డాక్టరుదీ పోయింది. దవడలో దూదితో ఒక రోగి మెట్లు దిగి వచ్చి, నోటితో అనలేనిది చేత్తో చూపించి వెళ్లాడు.

"ఊరంతా పోయినట్టుంది. మన తప్పేం లేదు," అన్నాడు క్యాషియర్ తృప్తిగా.

గుమాస్తా కళ్లు మాత్రం గడియారం మీదే ఉన్నాయి. నాలుగు బస్సులూ వరసగా ఆయన కళ్ల ముందే ఆగి, ఎక్కమంటున్నాయి.

నాలుగు దాటాక మెకానిక్ వచ్చాడు. దేన్నీ ఆపలేదు, దేన్నీ పెట్టలేదు. ఒక తీగను వేళ్లతో పట్టుకుని మెల్లగా చివరిదాకా వెళ్లాడు. ఎనిమిదో సాకెట్‌లో బయల్దేరిన ఆ తీగ ఏడో సాకెట్‌లో తేలింది.

"రెండు చివరలూ ఇందులోనే పెట్టారేంటి సార్? పంపిందంతా బయటికి పోకుండా ఇక్కడిక్కడే గానుగెద్దులా తిరుగుతోంది. పైవాళ్లను కలుపుకున్నారుగా, వాళ్లకీ అంటించారు. ఎవరు చేశారిది?"

అది రిటైరైన పెద్ద గుమాస్తా తీగ. గౌరవంగా దాన్ని ఎనిమిదో సాకెట్‌కు మార్చిందీ, రెండో చివర నేల మీద వేలాడుతుంటే చూడ్డానికి బాగాలేదని ఏడులో దూర్చిందీ ఈయనే. మెకానిక్ దాన్ని పీకేశాడు. అందరి తెరలకూ ఒక్కసారే ప్రాణం వచ్చింది. అప్పటికి నాలుగూ నలభై.

గుమాస్తా ఆదరాబాదరాగా దరఖాస్తు నింపాడు. చివర మేనేజరు అభిప్రాయానికి ఒక గడి ఉంది. మేనేజరు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

"రాయమంటే ఇవాళ్టి సంగతంతా రాస్తాను. చదివాక మిమ్మల్ని తీసుకుంటారో లేదో వాళ్లిష్టం. లేదూ, ఇక్కడే ఉండిపోయి ఆ డబ్బా బాధ్యత మీరు తీసుకుని, ఇకమీద ఎవరూ చెయ్యి పెట్టకుండా చూస్తానంటే, ఇక్కడితో మరిచిపోదాం."

ఐదయ్యేసరికి గుమాస్తా కంప్యూటర్ ఆపి సంచీ భుజాన వేసుకున్నాడు.

ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూర్చున్నాక కూతురు అడిగింది, దరఖాస్తు పంపావా నాన్నా అని.

"ఆలోచించి మానుకున్నానమ్మా. పెద్ద గుమాస్తా వెళ్లిపోయాడు. అక్కడి నెట్‌వర్క్ చూసే దిక్కు లేదు. ఇలాంటప్పుడు వదిలేసి రావడం భావ్యం కాదు."

కూతురు తల్లి వైపు చూసింది.

"అయితే రోజూ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రారన్నమాట," అంది ఆవిడ.

"ఎలా వస్తాను మరి?"

ఆవిడ పెద్దగా నిట్టూర్చి, అడక్కుండానే ఇంకో గరిటె కూర వడ్డించింది. ఆ నిట్టూర్పు మూడు వారాలుగా బిగబట్టుకున్నదని ఆయనకు తెలియదు.