ఎనభై రెండు కళ్ళు

ఆ మంగళవారం పొద్దున్నే త్రినాథరావు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకున్నాడు. ఎనిమిదింటికి ఆటో. తొమ్మిదింటికి కంటి ఆసుపత్రిలో టోకెన్. పదకొండింటికి ఆపరేషన్ తేదీ. ఒంటిగంటకి ఇంటికొచ్చి వంకాయ కూరతో భోజనం. హిందీవాళ్ళ రాష్ట్రంలో, హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలోని ఒక ఇంజనీరింగ్ యూనిట్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు టైమ్‌కీపర్‌గా చేసిన మనిషి. రిటైరై ఏడేళ్ళయినా గడియారం చూసుకోకుండా తుమ్మడు కూడా.

ఆపరేషన్ ఆయనకి కాదు, భార్య జోగమ్మకి. ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. రెండేళ్ళుగా ఇంటికి వచ్చినవాళ్ళని అడుగుల చప్పుడు బట్టే పోల్చుకుంటోంది. ఆ సంగతి తాముండే వైశాలి నగర్‌ కాలనీలో ఒక్కరికైనా తెలియనిచ్చిందా అంటే, లేదు. తెలిస్తే జాలిపడతారు, జాలి అంటే ఆవిడకి ఒళ్ళు మంట. వానలు పడేలోగా ఆపరేషన్ చేయించకపోతే చూపు తిరిగి రావడం కష్టమని డాక్టరు గట్టిగానే చెప్పాడు. సొంత ఖర్చుతో చేయించే తాహతు లేదు. ఉన్న ఆధారమల్లా సర్కారువారి ఆరోగ్య కార్డు.

కౌంటర్లో కూర్చున్న అమ్మాయి కార్డు నంబరు కొట్టి, తెర వంకా జోగమ్మ వంకా మార్చి మార్చి చూసింది.

"అంకుల్, ఆంటీకి రెండు కళ్ళూ అయిపోయాయి కదా? కుడిది నవంబర్లో, ఎడమది డిసెంబర్లో," అంది హిందీలో.

"ఏటయిపోయాయి?" అన్నాడు త్రినాథరావు, కంగారులో తెలుగులోనే.

"ఆపరేషన్లు అంకుల్. కార్డు మీద కంటికి ఒక్కసారే ఇస్తారు."

జోగమ్మ కౌంటర్ అద్దం మీదకి వంగింది. "ఏటండీ, నాకు తెలీకుండా నా కళ్ళకి ఆపరేషనేటండీ? పైగా రెండా?"

ఆపరేషన్లు చేసినట్టు రాసుకున్న నర్సింగ్ హోమ్ పేరు కూడా ఆ అమ్మాయి చెప్పింది. పేరు మనకెందుకు లెండి, వాళ్ళ వకీలు ఇంకా అప్పీలంటూ తిరుగుతున్నాడు. ఆ పేరు వినగానే త్రినాథరావు కార్డు వెనక్కి తీసుకుని, జోగమ్మ చెయ్యి పట్టుకుని గబగబా బయటికి నడిచాడు. కాగితం మీద రాసుకున్న వంకాయ కూర సంగతి ఆ రోజు ఇద్దరికీ గుర్తు రాలేదు.

జరిగిందేమిటంటే, కిందటి కార్తీకంలో తెలుగు సంఘం వాళ్ళు మైత్రీబాగ్‌ పార్కులో వనభోజనాలు పెట్టుకున్నారు. ఆ నర్సింగ్ హోమ్ యజమాని డాక్టర్ మనోజ్‌కుమార్ తన మనుషులతో వచ్చి, ఉచితంగా బి.పి. చూస్తామని, అందరూ మెషిన్ మీద ఒక వేలిముద్ర వేస్తే చాలని అన్నాడు. ఏర్పాట్లన్నీ త్రినాథరావువి. ఆయన ఆ మెషిన్ని చూశాడు, ఆగలేకపోయాడు. లోపలికి వచ్చిన ముద్ర ఉండి బయటికి పోయిన ముద్ర లేకపోతే అది హాజరు కిందకి రాదని ముప్ఫై ఒక్క ఏళ్ళు కార్మికులతో పోట్లాడినవాడు కదా! విస్తరి ముందు కూర్చోబోయే ప్రతివాడి చేతా ఒకసారి, లేచాక చేతులు కడిగించి మరొకసారి ముద్ర వేయించాడు. పులిహోర నూనెకి వేలు పడకపోతే సబ్బు కూడా తెప్పించాడు. మొత్తం నలభై ఒక్కమంది, ఎనభై రెండు ముద్రలు. నర్సింగ్ హోమ్ కుర్రాళ్ళు ఆయన్ని దేవుడిలా చూశారు.

సెక్టర్ 4 బళ్ళో టీచరుగా చేస్తున్న కూతురు సత్యశ్రీ సాయంత్రం వచ్చి, అంతా విని, నుదురు కొట్టుకుంది.

"నాన్నా, ఆప్ భీ నా! ఒక్కో అంగూఠా ముద్రకి ఒక్కో కన్ను రాసుకుని సర్కారు పైసా మింగారు వాళ్ళు. వాళ్ళు ఒకటే అడిగితే మీరు రెండిచ్చారు. పూరా కాలనీకి రెండు కళ్ళూ పోయాయి!"

"అమ్మకి చెప్పకు తల్లీ," అన్నాడాయన గొంతు తగ్గించి. "సంఘంలో అసలే చెప్పకు. రేపట్నించి నన్నెవరూ నమ్మరు."

సత్యశ్రీ ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టింది. మూడు వారాలకి ఒక విచారణ అధికారి వస్తున్నట్టు కబురొచ్చింది, ఆ నలభై ఒక్కమందినీ సంఘం హాల్లో హాజరు పరచాలని. హాజరు అన్న మాట వినగానే త్రినాథరావుకి ప్రాణం లేచొచ్చింది. వాట్సాప్ గ్రూపులో రాశాడు: "ఆదివారం పదింటికి సర్కారీ కంటి పరీక్ష. అందరూ తప్పక రావాలి. మన తెలుగువాళ్ళ పరువు నిలబెట్టాలి." పరీక్ష ఎందుకో రాయలేదు. రాస్తే రెండు ముద్రల సంగతి బయటపడుతుందని భయం.

ఎందుకో రాయకపోతే జనం ఊరుకుంటారా? చూపు లేదని తేలితే కార్డు పీకేస్తారట అని శనివారం మధ్యాహ్నానికి ఒకరన్నారు. సాయంత్రానికి రేషన్ కూడా పీకేస్తారట అని ఇంకొకరన్నారు. ఆదివారం పొద్దున్న హాలుకి వచ్చినవాళ్ళ ముఖాల్లో పదో తరగతి పరీక్ష రాయబోయే పిల్లల భయం ఉంది.

వచ్చిన అధికారి కంటి డాక్టరు కాదు, కాగితాల మనిషి. లబ్ధిదారులకు కనబడుతున్నదీ లేనిదీ చూడవలెనని ఆయనకిచ్చిన ఉత్తర్వులో ఉంది, కనుక ఆయన గోడకి హిందీ అక్షరాల పటం ఒకటి తగిలించి, ఒక్కొక్కరినే పిలిచాడు. మొదట నిలబడ్డ పక్కింటి పద్మశ్రీకి దూరం చూపు బాగానే ఉంది; గడగడా చదివేసింది. వెనకాలవాళ్ళు చెవులు రిక్కించి విన్నారు. వరస వెనక్కి గుసగుసలు పాకాయి. నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి పటం మీద ఏ అక్షరం ఎక్కడుందో హాలు మొత్తానికి నోటికి వచ్చేసింది. జోగమ్మకి పెదతండ్రి కొడుకు అప్పలసూరికి కుడికన్ను పాతికేళ్ళ కిందట వెల్డింగ్ రవ్వ పడి పోయింది, అక్కడున్నది గాజుకన్ను. అధికారి ఎడమకన్ను మూసుకోమంటే అతను మూసుకుని, గాజుకంటితో ఆఖరి వరస దాకా చదివాడు!

జోగమ్మ చివరన ఉంది. తనకి కనబడదని ఆవిడ నిజమే చెప్పాలనుకుంది, ఆ మాట మనసులో రెండుసార్లు అనుకుని కూడా చూసుకుంది. సరిగ్గా అప్పుడే పద్మశ్రీ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, నీకు ఆనదేమో పాపం. పక్కన నిలబడి నేను సెప్పనా?"

ఆ 'పాపం' ఆవిడకి ఎక్కడో తగిలింది. చెయ్యి విదిలించుకుని ముందుకు వెళ్ళి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, అడ్డంగా ఒకసారి, ఎవరూ అడక్కపోయినా నిలువుగా ఇంకోసారి వినిపించింది. అధికారి మెచ్చుకుంటూ తలూపి, కాగితం మీద "ఎనభై రెండు ఆపరేషన్లూ అత్యంత సఫలం" అని రాసి, సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళే దారిలో ఆటోలో జోగమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"నోరు ఆగలేదండి," అంది చివరికి.

ఆవిడని తప్పు పట్టే హక్కు తనకి లేదని త్రినాథరావుకి తెలుసు.

పది రోజులు తిరిగేసరికి డాక్టర్ మనోజ్‌కుమార్ మిఠాయి డబ్బాతో సహా వాళ్ళింటికే వచ్చాడు. నూటికి నూరు శాతం విజయం సాధించినందుకు తన నర్సింగ్ హోమ్‌కి జిల్లాస్థాయి సమ్మానం వచ్చిందట. సభ సంఘం హాల్లోనే, కలెక్టర్ మేడమే స్వయంగా వస్తున్నారట. నలభై ఒక్కమందీ రావాలి, త్రినాథరావుకి శాలువా, అందరి తరఫునా రెండు మాటలు మాట్లాడాల్సింది జోగమ్మ ఆంటీయే, ఎందుకంటే పటాన్ని నిలువుగా చదివింది జిల్లా మొత్తం మీద ఆవిడొక్కతేనట.

"జరూర్, జరూర్," అన్నాడు త్రినాథరావు, ఏమనాలో తోచక.

సభ రోజు పొద్దున్న జోగమ్మ జడ వేసుకుంటూ ఉంటే ఆయన వచ్చి మంచం చివర కూర్చున్నాడు.

"నీకొక మాట సెప్పాలి. ఆ ఏలిముద్రలు రెండేసిసార్లు ఏయించింది నానే. నా ఎర్రితనం వల్లే నీ రెండు కళ్ళూ..."

"నాకు తెల్దేటి?" అంది జోగమ్మ. "ఏసింది నా ఏలే కదా. మీరు సబ్బు కూడా ఇచ్చారు."

"మరి ఎందుకు అడగలేదే?"

"అడిగితే మీరు అన్నం మానేస్తారని. అలాగని నేనేం తక్కువ తిన్నాను? మీరు ముద్రలిస్తే, నేను అక్షరాలిచ్చాను. ఆ పద్మశ్రీ ముందు రోషానికి పోయి నా కళ్ళు నేనే పారేసుకున్నాను." ఆవిడ దువ్వెన పక్కన పెట్టింది. "ఈయాల ఆ సిగ్గు ఒగ్గేస్తానండి. నాకు మళ్ళీ సూడాలనుంది."

హాలు కిక్కిరిసింది. వేదిక మీద కలెక్టర్ మేడమ్, పక్కన మనోజ్‌కుమార్, వెనకాల స్టాండు మీద బంతిపూల దండ వేసి అలంకరించిన అక్షరాల పటం. దండ వేయించింది డాక్టరే. జోగమ్మ కూతురి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, మైకు ఎక్కడుందో తడిమి చూసుకుంది.

"మేడమ్‌జీ, నమస్తే," అంది హిందీలో. "మీ గొంతు బాగుంది. మీ ముఖం ఎలా ఉందో నాకు తెలీదు. నాకు కనబడదు. రెండేళ్ళుగా కనబడదు. నా కళ్ళకి ఎవరూ ఆపరేషన్ చెయ్యలేదు."

మనోజ్‌కుమార్ గట్టిగా నవ్వేశాడు.

"ఆంటీజీకి తమాషా ఎక్కువ మేడమ్. సర్కారీ సాబ్ ముందు ఈ పటం మొత్తం చదివారు. రికార్డులో ఉంది. ఆంటీజీ, ఒకసారి చదవండి, మేడమ్ కూడా వింటారు."

"చదవమంటావా బాబూ?" అంది జోగమ్మ.

అని పటానికి పూర్తిగా వీపు తిప్పింది. జనం వైపు తిరిగి, చేతులు కట్టుకుని, పై వరస నుంచి కింది వరస దాకా ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పింది. అయ్యాక, నిలువుగా కూడా. మనోజ్‌కుమార్ నవ్వు సగంలో ఆగి, పళ్ళు మాత్రం బయట ఉండిపోయాయి.

"ఇదేమిటి?" అన్నారు కలెక్టర్ మేడమ్.

"ఇది నాకొక్కదానికే కాదమ్మా, అందరికీ వచ్చు," అని, జోగమ్మ మైకులోంచి తెలుగులో కేకేసింది. "ఓలమ్మా, ఓ పద్మశ్రీ! కళ్ళు మూసుకోండే అందరూ! కార్డులు ఎవరూ పీకరు, నాదీ పూచీ. సెప్పండి!"

ముందు పద్మశ్రీ కళ్ళు మూసుకుంది. తర్వాత ముందు వరస. నలభై గొంతులు ఎక్కం వల్లించినట్టు పటం మొత్తాన్ని ఏకకంఠంతో వల్లించాయి. మేడమ్ లేచి నిలబడి, చేతిలోని జాబితా తిరగేశారు.

"అప్పలసూరి ఎవరు? కుడికన్ను, ఎడమకన్ను, రెండూ ఆపరేషన్ అని ఉంది."

అప్పలసూరి తీరిగ్గా వేదికెక్కాడు. గాజుకన్ను తీసి, డాక్టరుగారి కోసం కొబ్బరికాయా శాలువా పెట్టి ఉంచిన పళ్ళెంలో పెట్టాడు.

"కుడిది ఇదండి మేడమ్. కుట్లెక్కడ ఏసారో డాక్టరుబాబుని అడగండి."

ఆ తర్వాత జరిగిందంతా చకచకా జరిగిపోయింది. సభకి అతిథిగా వచ్చిన కంటి డాక్టరమ్మ ఒకావిడ ఫోను టార్చితో జోగమ్మ కళ్ళు చూసి, "ఇవి పుట్టినప్పటి కళ్ళే మేడమ్, పైగా పొర కట్టిన కళ్ళు," అంది. వంటగది దారిన బయటికి పోబోయిన మనోజ్‌కుమార్‌కి అక్కడ వడలు వేయిస్తున్న ఆడవాళ్ళు దారి ఇవ్వలేదు. పోలీసులొచ్చేదాకా ఆయన గుండిగల మధ్యనే నిలబడ్డాడు. శాలువా ఎవరికి కప్పాలో తెలియక నిర్వాహకులు నిలబడిపోతే మేడమే తీసుకుని జోగమ్మ భుజాల మీద కప్పారు. జనం కొట్టిన చప్పట్లకి త్రినాథరావు ఏడ్చాడు. ఏడుస్తున్నానని ఒప్పుకున్నాడు కూడా.

మేడమ్ ప్రత్యేక ఉత్తర్వు మీద, తొలకరికి వారం ముందు కుడికంటికి, నెల తర్వాత ఎడమకంటికి జోగమ్మకి నిజం ఆపరేషన్లు అయ్యాయి. మొదటి కట్టు విప్పిన రోజు ఆవిడ త్రినాథరావుని ఎగాదిగా చూసి, "ఇంత ముసలాడైపోయారేటండీ!" అంది. ఆయనకి అంత మంచి మాట పెళ్ళయ్యాక ఎవరూ అనలేదు.

కేసు ఏడాదికి పైగా నడిచింది. నర్సింగ్ హోమ్ తరఫు వకీలు గట్టివాడే. వేలిముద్రలు అసలైనవేనని, సాక్షులే సర్కారు అధికారిని మోసగించారని వాదించాడు. బోనులో నిలబడ్డ జోగమ్మని నిలదీశాడు.

"అంటే ఆ రోజు మీరు అబద్ధం చదివారన్నమాట!"

"చదవలేదు బాబూ, అప్పజెప్పాను. చదవడానికి కళ్ళుండాల."

జడ్జీగారు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. తీర్పు వచ్చిన రోజు మనోజ్‌కుమార్‌కి నాలుగేళ్ళ జైలు, నర్సింగ్ హోమ్‌కి తాళం. కోర్టు మెట్ల మీద పద్మశ్రీ లడ్డూలు పంచుతూ జోగమ్మకి రెండు ఎక్కువ పెట్టింది, ఈసారి 'పాపం' అనకుండా.

ఇంకో నెలకి సర్కారు నుంచి జోగమ్మ పేరిట ఒక ఉత్తరం వచ్చింది. కోర్టు తీర్పు ననుసరించి రికార్డులు సరిచేశామని, ఆవిడ రెండు కళ్ళకీ ఇంతవరకూ ఏ ఆపరేషనూ జరగలేదని నిర్ధారణ అయిందని, కనుక చూపు లేని లబ్ధిదారు తోడుగా ఒక మనిషిని వెంటబెట్టుకుని వెంటనే ఆసుపత్రికి రావలసిందని అందులో ఉంది.

ఆ ఉత్తరాన్ని జోగమ్మే గుమ్మంలో నిలబడి, కింద ఉన్న గుండ్రటి ముద్రతో సహా త్రినాథరావుకి చదివి వినిపించింది.