మీ పరిచయస్తులలో ఒకరు

నాగరికత ఫారంతో మొదలైంది. అంతకు ముందు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట్లాడుకునేవారని అంటారు గానీ, అందుకు ఆధార పత్రాలేవీ జతచేయలేదు కనుక నేను నమ్మను. పదహారేళ్ళుగా ధ్రువపత్రాల కార్యాలయంలో నాలుగో కిటికీ దగ్గర కూర్చుంటున్నదాన్ని. పుట్టామన్నవాళ్ళనీ, పెళ్ళయిందన్నవాళ్ళనీ, మావాళ్ళు పోయారన్నవాళ్ళనీ ఎందరినో చూశాను. కాగితం సరిగ్గా లేకపోతే అందులో ఏదీ జరగనట్టే. ఫారంలో లోపం ఎక్కడుందో రెండడుగుల దూరం నుంచే పసిగట్టి వెనక్కి పంపుతానని ఆఫీసులో నాకు మంచి పేరు. (జనంలో వేరే పేరుంది.)

అలాంటి నాకు ఒక మంగళవారం మధ్యాహ్నం, భోజనం డబ్బా మూత తీస్తుండగా, ఫోన్లో సందేశం వచ్చింది. ఆరోగ్య సమాచార చేరవేత విభాగం వారిది.

"గౌరవనీయులైన పౌరురాలికి. మీ పరిచయస్తులలో ఒకరికి సుఖవ్యాధి ఉన్నట్లు నిర్ధారణ అయినది. మీరు కూడా పరీక్ష చేయించుకోగలరు. గోప్యత దృష్ట్యా సదరు వ్యక్తి పేరు వెల్లడించబడదు. ఎవరై ఉంటారని ఊహించవద్దు."

'పరిచయస్తులు' అన్న మాట పక్కన చిన్న చుక్క ఉంది. పరిచయం అనగా ఏమిటో తెలుసుకోవడానికి అది నొక్కమన్నారు. నొక్కాను. పదకొండు వరుసల్లో, బొమ్మతో సహా వివరించారు. డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను.

ఊహించవద్దన్నారు గనుక ఊహించలేదు. లెక్కబెట్టానంతే. లెక్క ఎంతోసేపు పట్టలేదు. నాకు మొగుడు ఒక్కడే.

ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఎవరైనా అంతస్తుల మధ్య ఇరుక్కుపోతే, తలుపు తెరిచేలోగా వాళ్ళతో స్పీకర్లో మాట్లాడటం కూడా ఆయన పనే. "కంగారు పడకండి. నేనిక్కడే ఉన్నాను. ఇప్పుడు ఏం జరిగిందో చెబుతాను, వినండి," అంటాడు. ఆ గొంతు విని ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపేస్తారట. కంపెనీ వాళ్ళు ఆయనకు ఇందుకోసం ఒక మెచ్చుకోలు పత్రం కూడా ఇచ్చారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఆ మనిషి మూడు వారాలుగా ముందు గదిలో పడుకుంటున్నాడు. అడిగితే వెన్నునొప్పి అన్నాడు. వేరే సబ్బు కొనుక్కున్నాడు, వేరే తువ్వాలు కొనుక్కున్నాడు. ఆ తువ్వాలుని ఎత్తుగా, నాకు అందని మేకుకి తగిలించేవాడు. నేను ముందు వెన్నుకి తైలం తెచ్చాను. తర్వాత, సిగ్గు విడిచి చెబుతున్నాను, జుట్టుకి రంగు వేసుకున్నాను. రంగు బాగుందన్నాడు, దిండు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళ కాపురంలో ఆయన వీపు మీద చెయ్యి వేయకుండా నిద్రపోయింది లేదు. నేనంటే మొహం మొత్తిందని అనుకున్నాను. ఆ మూడు వారాలూ అలాగే అనుకుని ఏడ్చాను.

సాయంత్రం ఆ సందేశాన్ని ఆయనకు చదివి వినిపించాను, ఎవరై ఉంటారంటారు అని అడిగాను. ఆయన అప్పటికే మెరుస్తున్న పానాని ఇంకా తుడుస్తూ, ఈమధ్య ఇలాంటివి అందరికీ పంపుతున్నారట అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మర్నాడు సెలవు పెట్టి సదరు విభాగానికి వెళ్ళాను. గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. వ్యాధి ఉన్నవారు తమ భాగస్వామికి తెలియజేయడానికి మూడు మార్గాలు: ఒకటి, నేనే చెబుతాను. రెండు, నా పేరుతో మీరు చెప్పండి. మూడు, నా పేరు లేకుండా మీరు చెప్పండి. మూడో మార్గం అత్యంత ప్రజాదరణ పొందిందని కింద రాశారు. ఒకే ఒక్క పెళ్ళాం ఉన్న మనిషి, ఆమెకు తన పేరు తెలియకుండా జాగ్రత్తపడ్డాడన్నమాట. అంత తెలివి లిఫ్టుల్లో చూపిస్తే ఈపాటికి సూపర్‌వైజర్ అయ్యేవాడు.

హాలు నిండా జనం. మా వీధి దర్జీ కూడా ఉన్నాడు. కళ్ళు చూపించుకోవడానికి వచ్చానన్నాడు. నేనూ కళ్ళకే అన్నాను. (కళ్ళ ఆస్పత్రి రోడ్డుకి అవతల ఉంది. అది ఖాళీగా ఉంది.) గోప్యతను కాపాడటానికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక గోప్యతాధికారి ఉన్నాడు. పేర్లు పిలవడం నిషిద్ధం గనుక ఆయన మనుషుల్ని ఆనవాళ్ళతో పిలుస్తాడు, మైకులో.

"టోకెన్ నలభై ఒకటి. పుండ్ల విభాగం. పచ్చ గొడుగు పట్టుకున్నావిడ, జుట్టుకి కొత్తగా రంగేసుకున్నావిడ. మీరేనమ్మా, రండి."

వెళ్ళాను. తెర మీద ఫారం నింపమన్నాడు. మొదటి గడి: మీ పరిచయస్తుల సంఖ్య. వేలితో నొక్కితే జాబితా తెరుచుకుంది. రెండు నుంచి ఐదు. ఆరు నుంచి పది. పదికి పైన. అంతే.

ఒకరు అన్నది ఎక్కడుందని అడిగాను. గోప్యతాధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒక్కరే ఉన్నవాళ్ళకి మా విభాగంతో పనేముందమ్మా? ఇంట్లోనే ఒకరికొకరు చెప్పుకుంటారు కదా అని పెట్టలేదు."

ఆయన చాలా మామూలుగా అన్నాడు. నేను చేతిలో గొడుగు విప్పి మళ్ళీ ముడిచాను. ప్రస్తుతానికి ఏం చేయమంటారని అడిగాను. రెండు నుంచి ఐదు నొక్కెయ్యండి, సుమారుగా అనుకోవచ్చన్నాడు. ప్రాణం పోయినా నొక్కనన్నాను. నా జీవితంలో ఉన్నది ఒక్కరేనని, పొరపాటు సమాచారం మీద సంతకం చేయడం నా ఇంటావంటా లేదని, నాలుగో కిటికీ గొంతుతో చెప్పాను. మైకు ఇంకా ఆన్‌లోనే ఉందట. హాలు మొత్తం నా వైపు గౌరవంగా చూసింది. దర్జీ లేచి నాకు కుర్చీ ఇచ్చాడు.

ఆ రోజుకి రక్తం తీసుకున్నారు, ఫారం పెండింగులో పెట్టారు. నేను ఇంటికొచ్చి నాలుగు పేజీల అర్జీ రాశాను. ఏకపత్నీవ్రతులకూ పతివ్రతలకూ ఒక గడి కేటాయించకపోవడం పౌరుల శీలం మీద మచ్చ అని, తగు చర్య తీసుకోవాలని కోరాను. అర్జీలో ఒక్క తప్పు లేదు. మొగుడితో నాలుగు మాటలు మాట్లాడలేక విభాగానికి నాలుగు పేజీలు రాశావేమిటని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న నా పరిధిలోకి రాదు.

నోరు తెరిచి చెప్పడానికి ఈయనకేం రోగమని రోజూ అనుకునేదాన్ని. (రోగమేమిటో పరీక్షల గదిలో చెప్పారు. హెర్పిస్ అట.) నాకు జబ్బంటే భయం వేయలేదు. ఈయన ఎక్కడికి వెళ్ళాడు, ఎవరి దగ్గరికి వెళ్ళాడు అని మాత్రం లోపల పురుగు తొలిచేది. దానికంటే ఎక్కువగా, నాతో ఒక్క మాట అనలేకపోయాడే అని కడుపు మండేది. ఆయన చెబితే చాలు, తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం, ఆయన నోటితో ఆయనే చెప్పాలి అని పంతం పట్టాను.

విభాగం వారు 'దంపతుల సాన్నిహిత్య నియమావళి' అని ఒక కరపత్రం ఇచ్చారు. అందులో పొక్కులున్న రోజుల్లో దూరంగా ఉండాలని, మిగతా రోజుల్లో కండోమ్ వాడాలని, రోజూ మాత్ర వేసుకుంటే అంటుకునే అవకాశం తగ్గుతుందని ఉంది. కౌగిలించుకోవడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదని ఏడో నిబంధన. దాన్ని ఆయన పనిముట్ల పెట్టెలో, పానాల మీద పెట్టాను. రెండు రోజుల తర్వాత అది వంటింట్లో చక్కెర డబ్బా కింద కనిపించింది. ఏడో నిబంధన కింద పెన్సిలుతో గీత ఉంది. నేను దాని పక్కన టిక్కు పెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టాను. మా దాంపత్యం ఆ వారమంతా ఇలా ఇన్‌వార్డు, అవుట్‌వార్డులతో నడిచింది. ఇద్దరం ఒకరికొకరు ఎదురుపడితే మాత్రం మంచినీళ్ళు వచ్చాయా అనే మాట్లాడుకున్నాం.

తొమ్మిదో రోజున రెండు సందేశాలు వచ్చాయి. మొదటిది, ఒక పౌరురాలి విజ్ఞప్తి మేరకు ఫారంలో 'ఒకరు' అనే గడిని చేర్చామని, లోపాన్ని ఎత్తిచూపినందుకు విభాగం కృతజ్ఞతలు తెలుపుతోందని. పదహారేళ్ళ సర్వీసులో నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. రెండోది, నా ఫలితం వచ్చింది, డాక్టరమ్మను కలవమని.

డాక్టరమ్మకు మైకు లేదు. అందుకేనేమో ఉన్నదున్నట్టు చెప్పింది. నాకూ ఉందంది. ఇద్దరిదీ ఒకటే రకం గనుక ఇక ఒకరి నుంచి ఒకరికి కొత్తగా అంటేదేమీ లేదని, పొక్కులు లేచినప్పుడు నొప్పి గనుక ఆగితే చాలని, చాలామందికి ఉంటుందని, చాలామందికి ఉన్నట్టే తెలియదని చెప్పింది. తువ్వాళ్ళ వల్ల, సబ్బుల వల్ల రాదని నేను అడగకుండానే చెప్పింది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని అడిగాను. ఆ సంగతి రక్తం చెప్పదంది. అయితే నాది నిన్నామొన్నా వచ్చింది కాకపోవచ్చని, ఏళ్ళ తరబడి గుట్టుగా పడి ఉండవచ్చని అంది.

"ఎప్పుడైనా, చాలా ఏళ్ళ కిందటైనా సరే, ఒక వారం మంటగా ఉండి, చిన్న పొక్కులొచ్చి, వాటంతటవే తగ్గిపోయాయా?"

లేదని చెప్పి బయటికొచ్చాను. బస్టాపు దాకా నడిచాక గుర్తొచ్చింది.

ఉద్యోగంలో చేరకముందు ఆరు నెలల శిక్షణ ఉండేది. నా పక్క బల్ల అతను ఫారాలు చాలా అందంగా నింపేవాడు. మా ఇద్దరి వ్యవహారం నాలుగు నెలలు నడిచింది, తర్వాత అతనికి వేరే ఊళ్ళో పోస్టింగు వచ్చింది. అతను వెళ్ళిన కొత్తలో నాకు ఒక వారం మంట, జ్వరం. వేడి చేసిందని అమ్మ కుండెడు నీళ్ళు తాగించింది. వేడి తగ్గింది. అతని సంగతి నేను ఎక్కడా నమోదు చేయలేదు గనుక జరగనట్టే అనుకున్నాను. ఇన్నేళ్ళూ నిజంగానే అలా అనుకున్నాను. రెండు బస్సులు వెళ్ళిపోయినా ఎక్కలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన పనికి వెళ్ళకుండా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు కరపత్రం ఉంది. నన్ను కూర్చోమని, లిఫ్టు గొంతుతో మొదలుపెట్టాడు.

"కంగారు పడకు. నేనిక్కడే ఉన్నాను. ఏం జరిగిందో చెబుతాను, విను. ఆ మెసేజి నేనే పంపించాను. జబ్బు నాకే."

తెలుసన్నాను. నాకూ ఉందట అన్నాను. ఆ మాటతో ఆ గొంతు చెదిరిపోయింది. ఆయన మాటలు నేను ఆఫీసులో రాసుకున్నంత జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నాను.

"నేను ఎక్కడికీ వెళ్ళలేదు. నీకు ముందు ఎవరూ లేరు, నీ తర్వాత ఎవరూ లేరు. ఇదెక్కడిదో నాకే తెలీదు. షెడ్డులో అందరం ఒకటే తువ్వాలుతో తుడుచుకుంటాం, దాన్నుంచే వచ్చుంటుంది. ఇలా చెబితే నువ్వు నమ్మవని వాళ్ళ చేత చెప్పించాను. ఎలా వచ్చినా నీకు నా వల్లే వచ్చింది. నన్ను క్షమించు."

తువ్వాళ్ళ వల్ల రాదు. ఆ మాట గంట కిందటే విన్నాను. చెప్పవలసింది ఇప్పుడు నేను. తొమ్మిది రోజులుగా ఏ మాట కోసం పంతం పట్టానో ఆ మాట ఆయన నోటితో ఆయనే చెప్పేశాడు, ఇక మిగిలింది నా మాటే. నోటి దాకా వచ్చింది కూడా. నోరు తెరిచాను.

"సరే. క్షమించాను," అన్నాను.

ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. ఇంత పెద్ద మనసు ఎవరికుంటుందన్నాడు. షెడ్డులో ఆ తువ్వాలుని తగలబెట్టిస్తానన్నాడు. నేను వారించలేదు. తర్వాత లేచి, ముందు గదిలోంచి దిండు తెచ్చి, నా దిండు పక్కన పెట్టి, రెండుసార్లు సర్దాడు.

ఉదయం విభాగం నుంచి సందేశం వచ్చింది. నా ఫారం ఇంకా పెండింగులో ఉందని, దయచేసి పూర్తిచేయమని. మా ఆయన పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. మీ పరిచయస్తుల సంఖ్య అన్న గడి నొక్కాను. జాబితా తెరుచుకుంది. అన్నిటికన్నా పైన, నేను నాలుగు పేజీలు రాసి పెట్టించిన 'ఒకరు' ఉంది. దాని కింద 'రెండు నుంచి ఐదు' కూడా ఇంకా అలాగే ఉంది.

పైదే నొక్కాను. మీ ఫారంలో ఎలాంటి లోపాలూ లేవని వెంటనే జవాబు వచ్చింది.