తూము గేటు ఎత్తబడవచ్చును

వర్ని వైపు కాల్వల కింది రైతులందరికీ శుభవార్త. మన కాల్వల ఆఫీసులో మొరటు మాట అంతరించింది. ఇకపై సిబ్బంది ఎవరూ 'నీళ్లు ఇడుస్తం' అనరు. 'ఇడువం' అని కూడా అనరు.

నిజామాబాద్ బస్టాండ్ వెనక స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పే సారు వచ్చి, ఇంజనీరు నుంచి గేట్లు చూసే లష్కరు దాకా అందరికీ శిక్షణ ఇచ్చి వెళ్లాడు. మే, మైట్, కుడ్ - ఇవి రైతు ఏదైనా అడిగినప్పుడు. షుడ్ - పై ఆఫీసు చేయవలసిన పనుల గురించి. మస్ట్ మాత్రం రైతు చేయవలసిన పనులకే కేటాయించారు. మర్నాడే తూము పక్కన బోర్డు వెలిసింది: రైతులు గేటు ముట్టరాదు, ముడితే కేసు. అందులో 'మే' ఎక్కడా లేదు.

ముగింపు సభలో ఇంజనీరు పరమేశ్వర్ గారు ఉద్వేగంగా ప్రసంగించారు. "ఇన్నాళ్లూ మనం మాట ఇచ్చాం. ఇచ్చిన పాపానికి జనం నిలదీశారు. ఆ బాధ నేటితో తీరింది. నీళ్లు మే కమ్ అన్నామనుకోండి. వచ్చినా మనం చెప్పినట్టే, రాకపోయినా మనం చెప్పినట్టే!"

చప్పట్లు మోగాయి. రైతులే ఎక్కువగా కొట్టారు. ఆ ఆఫీసులో వాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టడం అదే మొదటిసారి.

ఈ ప్రగతి ఒక్క దాసుకే అర్థం కాలేదు. కాల్వ చివర అతనిది కౌలు పొలం. వరి పొట్టకొచ్చింది, నేల నెర్రెలిచ్చింది. ఒక్క తడి చాలు. కాల్వలో నీళ్లు అంచుదాకా ఉన్నాయి. మధ్యలో అడ్డం ఒక్క గేటు. పూర్వం ఒక కేక వేస్తే లష్కరు నర్సన్న బీడీ పారేసి వచ్చి ఎత్తేవాడు. అది అనాగరిక కాలం.

"నర్సన్నా, ఇడుస్తవా ఇడువవా? ఒక్క ముచ్చట చెప్పే."

"నేను వద్దంటున్ననా దాసూ? మే అంటున్న. ఇంకెంత మర్యాదగ చెప్పాలె?"

దాసు భార్య బాలవ్వ కొంగు దోపింది. "మా మేకలు సుత పొద్దుమాపు మే అంటనే ఉంటయ్. గవిటికి జీతమెవలిస్తున్నరు?"

పై పొలం ఆసామి చెన్నకేశవరావు గారు నొచ్చుకున్నారు. "అవేం మాటలమ్మా! మర్యాదగా చెబుతుంటే అలా మీద పడిపోతారేంటి?" ఆయన పొలం శిక్షణకు ముందే తడిసింది. అందుకని మర్యాద విలువ ఆయనకు తెలుసు.

దాసు ఆఫీసుకు వెళ్లాడు. గేటు 'కుడ్' ఎత్తబడును అన్నాడు గుమాస్తా. 'మైట్' అన్నారు పరమేశ్వర్ గారు. పై ఆఫీసును అడిగితే, కింది ఆఫీసు 'షుడ్' చూసుకొనును అని జవాబొచ్చింది. పైవాళ్లెవరైనా 'ఎత్తు' అంటే గాని నర్సన్న ఎత్తకూడదు. 'ఎత్తు' అనడానికి ఎవరికీ నోరు తిరగలేదు. అలవాటు తప్పితే అంతే మరి.

ఆదివారం చర్చిలో మాత్రం దాసు "ప్రభువా, నీళ్లియ్యి" అని సూటిగా అడిగాడు. చుట్టుపక్కల ఇంకా అలా అడగనిచ్చే చోటు అదొక్కటే.

మర్నాడు గేటు తాళం పగలగొడదామని రాయి ఎత్తాడు. బాలవ్వ చెయ్యి పట్టుకుంది. "వరి ఎట్లైనా ఎండుతది. నువ్వు జైలుకు పోతే నేనేం గావాలె?"

రాయి కింద పడింది.

వరి ఎండింది. పశువుల మేతకైనా పనికొస్తుందని దాసు కోత మొదలుపెట్టాడు. గట్టు మీద అందరూ చేరారు. పరమేశ్వర్ గారు జీపు దిగి, పంట 'కుడ్' దక్కి ఉండును అని సంతాపం తెలిపారు.

చెన్నకేశవరావు గారు నిట్టూర్చారు. "ఎవరో ఒకరు గేటు ఎత్తాల్సిందండీ."

అందరూ తల ఊపారు. పరమేశ్వర్ గారూ ఊపారు. నర్సన్న మొలతాడుకు కట్టిన తాళం చెవి సర్దుకుంటూ, "నిజమే, ఎవలో ఒకలు ఎత్తాల్సుండె" అన్నాడు.

దాసు తలెత్తలేదు. కొడవలి ఆపలేదు.

మీరు కూడా ఇప్పుడే అదే మాట అనుకున్నారు కదూ? సంతోషం. మీకు శిక్షణ అక్కర్లేదు.