ఎక్కని కొండకు మొదటి ర్యాంకు

తెనాలిలో కొండలు లేవన్న లోటు 1994 వేసవిలో తీరిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కొండ రాలేదు. కొండలెక్కే సామర్థ్యాన్ని కొలిచే కేంద్రం వచ్చింది. మూతపడిన రైసుమిల్లు గోడౌనులో, ఊక వాసన ఇంకా పోకముందే, 'డెల్టా శిలారోహణ శిక్షణ, సామర్థ్య పరీక్షా కేంద్రం' అని బోర్డు కట్టారు. బోర్డు మీద ఒక మంచుకొండ, దాని కొసన జెండా పట్టుకున్న పిల్లవాడు. పెయింటరు ఆ పిల్లవాడికి టై కూడా వేశాడు. చదువుకునే పిల్లవాడని తెలియాలి కదా.

డైరెక్టరు జనార్దనరావు గారు అంతకుముందు చెరుకుపల్లిలో నీళ్ళ మోటార్లు అమ్మేవారు. ఒకసారి ఉత్తరాదిన కొండలెక్కే శిక్షణకు వెళ్ళి, బస్సు దిగుతూనే కాలు బెణికి, శిక్షణంతా మంచం మీద నుంచి చూసి వచ్చారు. అందువల్ల ఆయనకు శాస్త్రం ఏ మాత్రం అలసట కలవకుండా, స్వచ్ఛంగా వంటబట్టింది.

ప్రారంభోత్సవం నాడు వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. "ఏవండీ, రాయి లేకుండా రాయెక్కడం ఎట్టా నేర్పుతారండీ?" అన్నాడు. పక్కవాళ్ళు చొక్కా పట్టి కూర్చోబెట్టారు. డైరెక్టరు గారు మాత్రం నొచ్చుకోలేదు. మైకు దగ్గరికి లాక్కున్నారు.

"మంచి ప్రశ్నండీ. రాయి ఉన్న ఊళ్ళవాళ్ళంతా ఇంతకాలం ఏం సాధించారు? రాయి ఒకచోట నున్నగా ఉంటది, ఒకచోట గరుకుగా ఉంటది. ఎండకి కాలుద్ది, వానకి జారుద్ది. అట్టాంటిదాన్ని నమ్ముకుని శాస్త్రీయంగా కొలవడం కుదురుద్దా? మన డెల్టాకి దేవుడిచ్చిన వరం ఏంటంటే, కొలతకి అడ్డమొచ్చే రాయి ఒక్కటి కూడా లేకపోవడం!"

చప్పట్లు ఆగలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఈ వరం మధ్యనే బతుకుతూ గుర్తించనందుకు మేమంతా లోలోపల సిగ్గుపడ్డాం.

ఈ కేంద్రంలో చేరితే బాపట్లలో పెద్ద చదువుకు సీటొస్తుందని ఎవరూ అనలేదు. ఎవరూ పైకి అనలేదు కనుకనే అందులో ఏదో ఉందని ఊరంతా నమ్మింది. మావారు కృపారావు రేపల్లెలో గుమాస్తా. రోజూ రైల్లో వెళ్ళివస్తారు. ఆ రైల్లోనే సంగతి విని, చెప్పులు విడవకముందే నాకు చెప్పారు.

"స్పోర్ట్సు కోటా అంటే ఏంటనుకున్నావే? మార్కులు ఎవడికైనా వస్తాయి. కొండలెక్కేవాడు మన జిల్లాలో ఎవడున్నాడు? అసలు పోటీయే ఉండదు. మన రాహేలుని చేర్పించేద్దాం."

మర్నాడు వెళ్ళేసరికి పోటీయే ఉండదనుకున్న తండ్రులు రోడ్డు దాకా వరసలో నిలబడి ఉన్నారు. అందరిదీ అదే రైలు.

మా అమ్మాయి రాహేలుకు అప్పుడు ఎనిమిదేళ్ళు. పలకరిస్తే నవ్వేది, పెడితే తినేది. ఈ రెండు గుణాలూ పైకి రావడానికి పనికిరావని నాకు అప్పటికి తెలియదు.

కేంద్రంలో కొలతలకు లోటులేదు. పిడికిలితో నొక్కితే ముల్లు తిరిగే యంత్రం ఉంది. వేళ్ళ కొసలు మాత్రమే ఆనే సన్నటి చెక్కపట్టీని దూలానికి బిగించారు. పిల్లలు దానికి వేలాడుతుంటే కింద ఒకాయన స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడతాడు. నడుం దగ్గర చర్మం లాగిపట్టి కొవ్వెంతో చెప్పే పటకారు ఉంది. చేతులు బారచాపితే ఆ బార మనిషి ఎత్తు కన్నా ఎక్కువుండాలి. అలా ఉన్న బిడ్డకు కొండ సులువట. లేని బిడ్డల తల్లులు ఆముదం రాసి చేతులు లాగేవారు. పిల్లలు ఏడిస్తే సాగుతున్నాయని సంతోషించేవారు.

బరువు తూచడానికి మిల్లు కాటా ఉండనే ఉంది. కాటాతోపాటు, ఇరవై ఏళ్ళు అక్కడే ధాన్యం తూచిన బ్రహ్మయ్య గారు కూడా ఉన్నారు. వడ్లు తూచినప్పుడు తేమకు ఇంత అని తరుగు తీయడం ఆయనకు అలవాటు. చెయ్యి ఊరుకోక పిల్లలకూ తీశారు. తలంటుకున్న పిల్లకు కొంత, చెమటపట్టిన పిల్లవాడికి కొంత. డైరెక్టరు గారు మొదట తెల్లబోయి, ఆలోచించి, దానికి 'తేమ సవరణ' అని పేరు పెట్టి శాస్త్రంలో కలిపేశారు.

ఆ మరుసటి పరీక్షకు తల్లులంతా పిల్లల్ని తడిపి తెచ్చారు.

"బ్రహ్మయ్య బాబాయిగారూ, మావాడి జుట్టు పట్టుకు చూడండి, ఇంకా నీళ్ళు కారతన్నయి. ఆ మాత్రం తరుగు తియ్యలేరా?"

"వడ్లే గనక ఇంత తడిసొస్తే గేటు కాడే తిప్పి పంపేవాణ్ణమ్మా" అని విసుక్కుంటూనే ఆయన తీసేవారు.

ఈ శాస్త్రానికంతా మూలం ఒక భిన్నం. పైన పిడికిలి బలం, కింద ఒంటి బరువు. పైదాన్ని కిందదానితో భాగిస్తే ఎంత ఎక్కువొస్తే అంత మంచి ర్యాంకు. బళ్ళో భిన్నాల పాఠం పూర్తికాకముందే నాకు పెళ్ళి చేశారు కాబట్టి డైరెక్టరు గారు నా కోసం మళ్ళీ చెప్పారు. "పైన ఉన్నదాన్ని పెంచాలంటే ఏళ్ళు పట్టుద్దమ్మా. కింద ఉన్నదాన్ని తగ్గించాలంటే మీ వంటిల్లు చాలు." చదువుకున్నవాళ్ళు చెప్తే ఎంత తేలిగ్గా అర్థమవుతుందో చూడండి. ఇంటికొచ్చి అన్నం గిన్నె చిన్నది మార్చాను.

మా వీధి మొదట్లో ఉండే కుసుమకుమారి గారు నాకన్నా చాలా ముందే మార్చారు. పిట్టలవానిపాలెంలో మాగాణి ఉన్న ఇల్లు వాళ్ళది. బియ్యం కొనే పనిలేదు. "మా బాబుకి రాత్రికి సగం ఇడ్లీ పెడతన్నా. ఆ సగం కూడా వాడే వద్దంటన్నాడు" అని ఆవిడ కేంద్రం అరుగు మీద చెప్తుంటే మేం నోళ్ళు వెళ్ళబెట్టి విన్నాం. కొందరు ఆ రోజే తమ పిల్లల్ని తిట్టారు. ఎదుటింటి బిడ్డను చూసి ఆకలి చంపుకోవడం నేర్చుకోలేరా అని.

మా అత్తగారు జ్ఞానమ్మకు మాత్రం సైన్సు తలకెక్కలేదు. "కరువులో మా అమ్మ మాకు పెట్టలేక ఏడ్చిందమ్మాయ్. మీరేంటే, అన్నీ ఇంట్లో పెట్టుకుని పిల్లని ఏడిపిస్తన్నారు?" అంది. మావారు ఆవిణ్ణి సముదాయించారు. "అప్పుడు మీకు ర్యాంకులు లేవు కదమ్మా, తినేవాళ్ళు."

ఇలా సాగుతుండగా రాహేలు ఒక తప్పు చేసింది. ఆకలేసి, పక్కింటి ప్రహరీ మీదికెక్కి, అక్కణ్ణుంచి సన్‌షేడు పట్టుకుని డాబా మీదికి పాకి, అక్కడికి వంగిన కొమ్మ నుంచి జామకాయ కోసుకుని తింటూ కూర్చుంది. పట్టు పట్టులా, అడుగు అడుగులా, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. సరిగ్గా అప్పుడే డైరెక్టరు గారు సైకిలు మీద అటుగా వెళ్తున్నారు. దిగి, తల మీద చేతులు పెట్టుకున్నారు.

"ఎవరి పిల్లండీ అది? ఎక్కుతుందేంటండీ! వేళ్ళ చర్మం అరిగిపోతే రేపు యంత్రం మీద పట్టు నిలబడుద్దా? దింపండి ముందు!"

దింపి, అందరూ చూస్తుండగా రెండు వేశాను. కేంద్రం గోడ మీద మర్నాడే ప్రకటన వెలసింది: శిక్షణలో ఉన్న విద్యార్థినీ విద్యార్థులు చెట్లు, గోడలు, నిచ్చెనలు ఎక్కడం పూర్తిగా నిషేధం. శిక్షణ పట్ల ఇంత శ్రద్ధ ఎక్కడా చూడలేదని తల్లిదండ్రులు మెచ్చుకున్నారు. ఆ తర్వాత మా రాహేలు ఎక్కడికీ ఎక్కలేదు. ఎక్కాలన్నా కాళ్ళలో ఓపిక ఉండేది కాదు.

వానలు మొదలయ్యాక దానికి టైఫాయిడు వచ్చింది. ఆ జ్వరం సంగతి ఎక్కువగా రాయను. పిల్ల కలవరింతల్లో కూడా "తరుగు తియ్యండి తాతా" అనేది. నేను తడిగుడ్డ మారుస్తూ, అది బతకాలని ప్రార్థన చేస్తూ, బతికాక ఈసారి పరీక్షకు అందుకోగలదా అని కూడా ఆలోచించానంటే, తల్లి మనసు ఎంత గొప్పదో మీకు తెలుస్తుంది.

జ్వరం తగ్గి పథ్యం పెట్టిన వారానికే జిల్లా స్థాయి పరీక్ష. మావారు ఎత్తుకుని తీసుకెళ్ళారు. కాటా మీద నిలబెడితే కదలాలా వద్దా అని ముల్లు కాసేపు ఆలోచించింది. బ్రహ్మయ్య గారు రాహేలు వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. "ఈ పిల్లకి తరుగు తీస్తే ఇంకేం మిగలదమ్మా" అన్నారు. అది విని మావారు సంతోషం పట్టలేకపోయారు.

పిడికిలి యంత్రాన్ని రాహేలు రెండు చేతులా నొక్కినా ముల్లు కదల్లేదు. అప్పుడు డైరెక్టరు గారి ప్రతిభ బయటపడింది. నీరసంగా ఉన్న పిల్లతో నొక్కించడం అమానుషం అని ప్రకటించి, పిడికిలి బలం జ్వరానికి ముందుదీ, బరువు జ్వరం తర్వాతదీ వేసుకున్నారు. రెండూ కేంద్రం తీసిన కొలతలే, రెండూ నిజమే. భాగిస్తే, ఆ యంత్రం తయారుచేసిన దేశంలో కూడా రానంత పెద్ద అంకె వచ్చింది. జిల్లాలో ప్రథమ శిలారోహకురాలు, తెనాలి వాస్తవ్యురాలు, కుమారి రాహేలు. రెండో ర్యాంకు కుసుమకుమారి గారి బాబుకు.

సన్మానం బాపట్లలో, అద్దెకు తీసుకున్న కల్యాణ మండపంలో జరిగింది. వేదికకు నాలుగు మెట్లుండేవి. పేరు పిలిచారు. రాహేలు మొదటి మెట్టు మీద కాలు పెట్టి, రెండో మెట్టు దగ్గర ఆగి, కమ్మీ పట్టుకుని కూర్చుండిపోయింది. డైరెక్టరు గారు పరుగున దిగివచ్చి దాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని వేదిక ఎక్కించారు. చప్పట్లు మిన్నంటాయి. "చూశారా అండీ, ఎంత తేలికో! దూదిపింజ!" అని ఆయన మైకులో అన్నారు. కొండలెక్కడంలో జిల్లాకే మొదటి మనిషిని మెట్లెక్కించడానికి మోసుకెళ్ళాల్సి రావడంలో వింత ఉందని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. కానీ నా మెళ్ళో కూడా ఒక దండ వేశారు, అందుకని ఊరుకున్నాను.

కిందికి దిగాక తల్లులు చుట్టుముట్టారు. "ఏం నీళ్ళు తాగితే వచ్చిందమ్మా జ్వరం?" అని ఒకావిడ చెవిలో అడిగింది. "మా వీధి కుళాయివి" అని చెప్పాను. మర్నాడు ఆ కుళాయి దగ్గర ఎన్నడూ చూడని బిందెలు కనిపించాయి.

బిడ్డకు మేలు జరిగితే మా వాళ్ళలో ఇంటి దగ్గర కృతజ్ఞతా కూడిక పెట్టుకోవడం ఆనవాయితీ. వాకిట్లో షామియానా వేశాం. పాస్టరు గారు ఎత్తైన కొండల గురించి దీర్ఘంగా ప్రార్థన చేశారు. తర్వాత భోజనాలు. మాంసం కూర, పప్పుచారు, పాయసం. ఎవరి కోసం ఈ కూడికో ఆ పిల్ల మాత్రం ఖాళీ విస్తరి ముందు కూర్చుని, అందరి నోళ్ళ వంకా చూస్తోంది. సోమవారం రాష్ట్ర స్థాయి పరీక్ష. మావారు దాని పక్కనే కాపలాగా నిలబడ్డారు.

అప్పుడు కుసుమకుమారి గారు వచ్చారు. అదే వీధిలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, మా ఇంట్లో ఏనాడూ మంచినీళ్ళయినా పుచ్చుకోని మనిషి. ఆ రోజూ "మేం తినేసొచ్చామమ్మాయ్" అన్నారు. తినలేదు కానీ గరిటె మాత్రం అందుకున్నారు.

"అయ్యో బంగారం, ఎంత చిక్కిపోయావే! ముద్ద తినకపోతే ఎట్టా తల్లీ?" అంటూ రాహేలు విస్తట్లో అన్నం కుమ్మరించారు. వెనకే మూడో ర్యాంకు తల్లి కూర వేసింది. నాలుగో ర్యాంకు తల్లి నెయ్యి తెచ్చింది, అదీ వాళ్ళింటి నుంచి, గిన్నెతో. పాయసానికి ఇద్దరు పోటీపడ్డారు. అన్ని నెలల్లో నా బిడ్డ ఆకలి ఊరివాళ్ళకు కనిపించింది అప్పుడే.

"వద్దండీ, ఎల్లుండి పరీక్షండీ" అని మావారు చేతులు అడ్డం పెట్టారు.

"తప్పుకోవయ్యా, పసిబిడ్డ నోటి కాడ అడ్డమేంటి!" అని తల్లులంతా కలిసి ఆయన్ని పక్కకు నెట్టారు. అంత ఐకమత్యం ఆ కేంద్రం చరిత్రలో లేదు.

రాహేలు ముద్ద కలిపింది. నోటి దాకా తెచ్చి ఆపి నా వైపు చూసింది.

"అమ్మా, తింటే బరువైపోతానేమో."

నేను నెయ్యి గిన్నె అందుకుని, మిగిలిందంతా దాని విస్తట్లో ఒంపాను. "తిను" అన్నాను. మా అత్తగారు లేచి వచ్చి దాని పక్కన చతికిలబడింది. రాహేలు తింటూనే ఉంది. మావారు తల తిప్పుకున్నారు. కుసుమకుమారి గారు సంతృప్తిగా కొంగుతో చేతులు తుడుచుకుని, "ఇంకొంచెం పెట్టమ్మాయ్" అని నాకు చెప్పి మరీ వెళ్ళారు.

సోమవారం కాటా ముల్లు ఆలోచించకుండానే కదిలింది. మొదటి ర్యాంకు చేతులు మారింది. తర్వాత రాహేలుని కేంద్రం మాన్పించాను.

ఈ కథ ఎక్కడ చెప్పినా చివర్లో ఒకే ప్రశ్న అడుగుతారు. అయితే ఆ మొదటి ర్యాంకు ఎవరికి పోయిందండీ అని. కొందరైతే ఇంకాస్త ముందుకెళ్ళి, ఆ నెయ్యి తినిపించకుండా ఉంటే సీటు వచ్చేదేమో కదా అని నా మీద జాలిపడతారు. పిల్ల తేరుకుందా, ఇప్పుడెలా ఉంది అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీరైనా అడుగుతారేమోనని ఇక్కడిదాకా రాశాను.