మోకాళ్ల మిషిన్, నలభై ఒకటో మలుపు

గురువారం పొద్దున నర్సింలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి స్నానాల గదిలో దూరాలి. అరగంట ఫోన్‌లో కార్ల పందెం ఆడాలి. తొమ్మిదిన్నరకు బస్టాండ్ దగ్గరున్న తన జిరాక్స్ దుకాణం తెరవాలి. పదకొండింటికి అక్కడికొచ్చే పార్సిల్‌ను ఎవరి కంటా పడకుండా అందుకోవాలి. ఇందులో తప్పేమీ లేదు, ఇంకెవరైనా అయితే. ఈ నర్సింలు మాత్రం జహీరాబాద్ సెల్‌ఫోన్ ఆటల నిర్మూలన సంఘానికి అధ్యక్షుడు.

సంఘం పెట్టిందీ ఆయనే, అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నదీ ఆయనే. మైకు దొరికిందా, ఇక ఫోన్‌లో ఆడే పిల్లలు దేశాన్ని ముంచుతున్నారని గంటసేపు దంచేవాడు. మైకు దొరకని వారం ఆయనకు అన్నం సయించేది కాదు. రెండు నెలల కింద ఇంటర్ చదివే సొంత కూతురు రుచిత కార్ల ఆట ఆడుతూ దొరికింది. ఇంకేముంది, గల్లీ గల్లీనంతా పోగుచేసి, ఆ ఫోన్ లాక్కుని, అందరి ముందు ఒట్టేశాడు.

"నా చేతుల ఆట ఫోను ఎవ్వలన్న చూస్తే, గా దినమే నీ ఫోను నీకిచ్చేస్త. ఇగ మైకు కూడ ముట్ట," అన్నాడు.

ఫోన్ బీరువాలోకి వెళ్లింది. మూడో రోజు, పిల్లల్ని చెడగొట్టేది అందులో అసలేముందో సంఘం తరఫున పరిశోధించాలని ఆయనే బయటికి తీశాడు. ఆ పరిశోధన ఇంకా ముగియలేదు. నలభై ఒకటో లెవెల్ దాకా వచ్చి, అక్కడ పన్నెండు రోజులుగా ఆగిపోయింది. ఆ లెవెల్‌లో కొండ మీద ఒక ఎడమ మలుపు, దాని పక్కన రాతి గోడ. జిరాక్స్ మిషన్ పొడి అంటిన బొటనవేళ్లు ఫోన్ అద్దం మీద జారేవి, కారు రోజూ పోయి ఆ గోడనే గుద్దేది.

అందుకే వైరు లేకుండా ఫోన్‌కు కలిసే గేమ్ కంట్రోలర్ తెప్పించుకున్నాడు. రెండు చేతులా పట్టుకుని, బటన్లు నొక్కుతూ ఆడే వస్తువు. కారు దేన్నైనా గుద్దితే అది చేతుల్లో గడగడ వణుకుతుందట. మలుపు దాటడానికి అదేం పనికొస్తుందో ఆయన ఆలోచించలేదు.

పార్సిల్ తెచ్చినతను మూడు గంటలు ముందొచ్చాడు. దుకాణం మూసి ఉండటంతో ఫోన్ చేశాడు. నర్సింలు సొంత ఫోన్ కొక్కేనికి వేలాడే చొక్కా జేబులో ఉంది. తల్లి శరణమ్మ ఎత్తింది, ఇంటికే రమ్మంది. కూతురి ఫోన్‌ను తువ్వాలలో చుట్టుకుని నర్సింలు స్నానాల గదిలోంచి బయటికొచ్చేసరికి ఆమె అట్టపెట్టె విప్పి, కంట్రోలర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏందిర ఇది, ఎండ్రికాయ లెక్క?"

వంటింట్లోంచి భార్య మమత తొంగిచూసింది. చదువుకుంటున్న రుచిత తలెత్తింది. నర్సింలు చూపు దిక్కుతోచక ఇల్లంతా తిరిగి, చివరికి తల్లి మోకాళ్ల మీద ఆగింది. మోకాళ్ల నొప్పులకు టీవీలో చూపించే వణికే మిషన్ కొనిపెట్టమని ఆమె పోయిన వానకాలం నుంచి అడుగుతోంది.

"నీకే తెప్పిచ్చిన అవ్వా. మోకాళ్ల మిషిన్."

రుచిత ఆ వస్తువును చూసింది, తండ్రిని చూసింది, మళ్లీ పుస్తకంలో తల పెట్టుకుంది.

శరణమ్మ దాన్ని కుడి మోకాలి మీద పెట్టి తువ్వాలతో బిగించి కట్టింది. ఎంత సేపు చూసినా అది వణకలేదు. పనిచేయని సరుకు ఇంట్లో ఎందుకు, బిల్లు ఇటిస్తే నేనే ఫోన్ చేసి వాపసు పంపుతానని మమత చెయ్యి చాపింది. బిల్లు మీద ఆ వస్తువు పేరు కొట్టొచ్చినట్టు ఉంది. నర్సింలు బిల్లును బనియన్‌లోకి దోపుకుని, తల్లిని ఒక బటన్ గట్టిగా పట్టుకొమ్మని చెప్పి, కడుపులో బాగాలేదంటూ మళ్లీ స్నానాల గదిలోకి పరిగెత్తాడు. కూతురి ఫోన్‌ను కంట్రోలర్‌తో కలిపి ఆట మొదలుపెట్టాడు.

తువ్వాల కింద శరణమ్మ మోకాలు ఏ బటన్‌ను నొక్కుతోందో గాని, కారు ఆయన చెయ్యి వేయకముందే దూసుకుపోయింది. పోయి పోయి మలుపు దగ్గర గోడను గుద్దింది. బయట గదిలోంచి "హా" అని ఒక సుఖమైన మూలుగు వినిపించింది. నర్సింలు మళ్లీ గుద్దాడు. మళ్లీ మూలుగు. ఆ పొద్దు పదిహేను సార్లు గుద్దాక తల్లి మోకాలికి హాయిగా ఉందంది, మమత బిల్లు సంగతి మరిచిపోయింది. దుకాణం పన్నెండింటికి తెరుచుకుంది.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. సాయంత్రం ఎదురింటి గౌహర్ బేగం ఏడాదిగా పట్టేసిన తన భుజానికి ఒక్క పూట చూస్తానని మిషన్ తీసుకుపోయింది. గల్లీ దాటి పోయేసరికి కంట్రోలర్‌కు, నర్సింలు చేతిలోని ఫోన్‌కు లంకె తెగింది. ఆమె గంటసేపు భుజాన మోసి, విసిగి, తెచ్చి ఇస్తుండగా అది ఆమె చేతుల్లోనే గడగడలాడింది. ఆమె నర్సింలు వైపు చూసింది. ఆయన వసారాలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు. పేపర్ వెనక ఫోన్ ఉన్న సంగతి ఆమెకు కనబడలేదు.

"భయ్యా, మీరు దగ్గరుంటెనే నడుస్తది గిది," అంది గౌహర్ బేగం. "మిషిన్‌ల ఏం లేదు. మీ చేతుల షిఫా ఉంది."

శరణమ్మకు షిఫా అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఏ డాక్టర్ దగ్గరికి పోవాలన్నా మందు కన్నా ముందు హస్తవాసి గురించి ఆరా తీసే మనిషి ఆమె. అది సొంత కొడుకు చేతిలోనే ఉందని నలభై ఆరేళ్లకు తెలిసింది. ఆ సాయంత్రమే ఫోన్లు చేసింది. శుక్రవారం ఝరాసంగం నుంచి ఒక షేర్ ఆటో, శనివారం రాయికోడ్ నుంచి రెండు దిగాయి. అన్నీ మోకాళ్లే, మధ్యలో రెండు నడుములు. అత్త సణుగుడు ఆగినందుకు మమత సంతోషంగా అందరికీ చాయ్ పోసింది. వరుస కోసం కొట్లాట రాకుండా నంబర్ల చీటీలు కావాల్సివస్తే, వాటిని నర్సింలు దుకాణంలోనే జిరాక్స్ తీయించారు.

నర్సింలు పేపర్ వెనక దాక్కుని గోడను గుద్దుతూనే ఉన్నాడు. నేరుగా చెప్పేస్తే పోయేది. చెబితే కూతురికి ఫోన్ ఇవ్వాలి, మైకు వదలాలి. ఆదివారం సంఘం పుట్టినప్పటి నుంచీ ఎన్నడూ జరగనంత పెద్ద సభ. ఫంక్షన్ హాల్‌లో రెండు వందల మంది పిల్లల చేత, వాళ్ల తల్లిదండ్రుల ఎదుట, ఆయనే మైకులో ప్రమాణం చేయించాలి. ఒక అధికారి కూడా వస్తానన్నాడు. ఆ ఒక్క ఆదివారం దాటితే చాలు, మిషన్ చెడిపోయిందని చెప్పి పారేద్దామనుకున్నాడు.

ఆదివారం ఇంట్లో పెడితే రుచిత కంటపడుతుందని ఫోన్‌ను జేబులో వేసుకునే వెళ్లాడు. వేదిక ఎక్కి చూస్తే మొదటి వరుసలో తల్లి, గౌహర్ బేగం, వాళ్ల పక్కన చీటీలు పట్టుకున్న పదకొండు మంది ఆడవాళ్లు. దూరం కూర్చుంటే పనిచేయదని వాళ్లకు అనుభవం మీద తెలుసు. శరణమ్మ మోకాలికి తువ్వాల కట్టే ఉంది.

నర్సింలు ఉపన్యాసం మొదలుపెట్టాడు. పక్కన అధికారి బల్ల కింద సొంత ఫోన్‌ను వేలితో తోసుకుంటూ కూర్చున్నాడు. అయిదు నిమిషాలకు మొదటి వరుసలో గుసగుసలు, పది నిమిషాలకు సణుగుడు. శరణమ్మ లేచి నిలబడింది.

"నర్సింలు, మాటలు తర్వాత చెప్పు గాని, జర ఇటు దిక్కు చెయ్యి చూపు. ఝరాసంగపోల్లకు ఆటో పోతది."

సభ అయ్యాక చూద్దామని ఆయన బతిమాలాడు. అట్లయితే నేనే వేదిక ఎక్కి నీ పక్కన కూర్చుంటానని ఆమె మెట్ల వైపు నడిచింది. నర్సింలు ఉపన్యాసం మధ్యలో ఆపేశాడు. కూర్చోమని సైగ చేసి, ప్రమాణం రాసిన కాగితం ఎత్తి, దాని వెనక ఫోన్ పెట్టి, చప్పుడు ఆపేసి ఆట తెరిచాడు. "ఇక ముందు నేను ఫోన్‌లో ఆటలు ఆడనని," అన్నాడు. రెండు వందల గొంతులు అదే అన్నాయి. కారు గోడను గుద్దింది. మొదటి వరుసలో శరణమ్మ "హా" అంది. "ఇతరుల్ని ఆడనివ్వనని," అన్నాడు. మళ్లీ గుద్దింది. సభ సాఫీగా సాగుతోంది.

అప్పుడే శరణమ్మ తువ్వాల సడలింది. దాన్ని సర్దుకోబోతూ ఆమె కాలు మడిచింది. మోకాలి కింద ఏ బటన్ పడిందో, కారు మలుపు దగ్గర సున్నితంగా ఎడమకు తిరిగింది. గోడ పక్కనుంచి వెళ్లిపోయింది. పదిహేను రోజులు, జిరాక్స్ పొడి, వందల గుద్దుళ్లు చేయలేని పనిని డెబ్భై ఏళ్ల మోకాలు చేసింది. నర్సింలు ప్రమాణం మరిచిపోయాడు. సభను మరిచిపోయాడు. కాగితం ఎప్పుడు కింద పడిందో కూడా చూసుకోలేదు.

వేదిక పక్కన నీళ్ల సీసాలు అందిస్తున్న రుచిత, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"ఎన్నో లెవెల్ డాడీ?"

"నలభై ఒకటి," అన్నాడు నర్సింలు మైకులో. "ఆగు, మలుపు దాటుతున్న."

హాలంతా విరగబడి నవ్వింది. నర్సింలు ఉలిక్కిపడి తలెత్తాడు. కారు ముందున్న ఇంకో గోడను గుద్దింది. మొదటి వరుసలోంచి "హా" అని వినిపించింది. రుచిత వేదిక ఎక్కి చెయ్యి చాపింది.

"నా పేరు మీద ఆడుతున్నవ్ కద, నువ్వు ఆడేది నా దోస్తుల ఫోన్లల్ల కనబడతది. పదిహేను దినాల సంది దోస్తులందరు ఒక్కటే అడుగుడు, దినాం గదే గోడకు ఎందుకు గుద్దుతున్నవే అని. ఏం చెప్పమంటవ్ డాడీ?"

ఆయన ఆట ఆపేశాడు. ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు, మైకు బల్ల మీద పెట్టాడు. కార్యక్రమం ముగిసిందనుకుని అధికారి చప్పట్లు కొట్టాడు.

సోమవారం సాయంత్రం అయిదింటికి వసారా మళ్లీ నిండింది. ఆడవాళ్లకు సభలో ఎవరు ఎందుకు నవ్వారో పట్టలేదు, వాళ్ల చీటీల నంబర్లు అలాగే ఉన్నాయి. రుచిత కుర్చీ లాక్కుని కూర్చుని, ఇక నుంచి మిషన్ తానే నడుపుతానంది. నడిపింది కూడా, వెన్న మీద కత్తి నడిపినట్టు. నలభై ఒకటో లెవెల్‌ను పక్కన పెట్టి, పాత పందేలు వరుసగా నాలుగు గెలిచింది. కారు దేన్నీ తాకలేదు. శరణమ్మ మోకాలు కదల్లేదు, గౌహర్ బేగం భుజం కదల్లేదు. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు.

"నీ చేతుల షిఫా లేదు బేటీ," అంది గౌహర్ బేగం నొచ్చుకుంటూ.

రుచిత ఫోన్ తిప్పి చూపించి, గుట్టంతా విప్పి చెప్పింది. ఇది మందూ కాదు, మాకూ కాదు, వట్టి కార్ల ఆట. "డాడీకి నడుపుడు రాదు. గుద్దుతడు. గుద్దితెనే గిది వణుకుతది. గంతే."

ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. శరణమ్మ మోకాలి మీది తువ్వాలను మరింత బిగించింది.

"గట్లయితె మాకు గా రానోడే కావాలె," అంది. "నువ్వు లే బిడ్డా. వాన్ని పిలువు."

ఇప్పుడు నర్సింలు మైకు ముట్టడం లేదు. సంఘం బోర్డు దుకాణం వెనక జిరాక్స్ కాగితాల కట్టలకు అడ్డుగా ఉంది. రోజూ సాయంత్రం అయిదింటికి రుచిత ఫోన్ తెచ్చి ఆయనకిస్తుంది, ఆరింటికి వచ్చి లాక్కుంటుంది. ఆ గంటసేపు, పేపర్ అడ్డం లేకుండా, పదిమంది ఎదుట, గల్లీ అనుమతితో ఆయన ఆడుకోవచ్చు. ఒకే ఒక షరతు, గుద్దాలి. మొన్న శుక్రవారం చెయ్యి కుదిరి, కారు ఆ మలుపు దాకా చక్కగా వచ్చి, ఎడమకు ఒరిగింది. వసారాలో మూలుగులు ఆగిపోయాయి. శరణమ్మ దగ్గింది. నర్సింలు ఒక్క క్షణం ఆ ఖాళీ రోడ్డును చూసి, తన చేత్తోనే కారును గోడ వైపు తిప్పాడు.

లెవెల్ ఇప్పటికీ నలభై ఒకటే.