రెండంగుళాల వదులు

శనివారం ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ టైలర్ భార్య ఆ రోజు కార్యక్రమం చెప్పింది.

"రెండింటికల్లా వచ్చేస్తాను. ఇద్దరం కలిసి సైకిల్ షాపుకి వెళ్దాం. నేను ఎక్కి చూసుకుని కొనుక్కుంటా. రేపు ఆరింటికే కొండ దగ్గరుండాలి. మీరు మాత్రం తొందరపడకండి."

ఆమె నర్సు. తోటి నర్సులు నలుగురు ఆదివారాలు ఊరి చివరి కొండదారిలో సైకిళ్ళు తొక్కుతారు. ఆరు నెలలుగా వాళ్ళ ఫోటోలు చూసి నిట్టూరుస్తూ, అదనపు డ్యూటీలు చేసి ఒక మామూలు రకం మౌంటెన్ బైక్‌కు సరిపడా కూడబెట్టింది. పైకం బీరువాలో ఉంది. టైలర్‌కు బీరువా తాళం ఎక్కడుంటుందో తెలుసు. మొదటి చిక్కు అదే.

ఎవరి బట్టలూ చెప్పిన రోజుకు ఇవ్వని మనిషికి ఆ రోజే ఎక్కడలేని తొందరా ముంచుకొచ్చింది. అందుకో కారణం లేకపోలేదు. భార్య కోసం కత్తిరించిన కోటు నాలుగేళ్ళుగా మిషను కింద గుండుసూదులతోనే ఉంది. అది కంటపడినప్పుడల్లా అతని మనసు చివుక్కుమంటుంది. ఆమె వచ్చేసరికి సైకిల్ గుమ్మంలో ఉంటే ఆ ముఖం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుని, బీరువాలో పైకం తీసి, కొలతల పుస్తకం చంకలో పెట్టుకుని షాపుకు వెళ్ళాడు.

షాపతను అడగవలసిందే అడిగాడు. "ఆవిడ రాలేదా సార్? పై కడ్డీకి అటోకాలు ఇటోకాలు వేసి నిలబడి చూడాలి. నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలి."

"మనిషెందుకయ్యా? కొలత ఉందిగా!" టైలర్ పుస్తకం తెరిచాడు. "పాతికేళ్ళ నుంచి కొలుస్తున్నా. కాలు లోపలి పొడవు ఇరవై తొమ్మిది అంగుళాలు. బిగుతుగా ఉంటే ఇబ్బంది పడుతుంది, ముప్పై ఒకటనుకో."

షాపతను తల గోక్కుని, ముప్పై ఒకటికి తగ్గ సైకిల్ చూపించాడు. పాత మోడలు కాబట్టి ధరా తగ్గించాడు. "నడపకుండా సాయంత్రంలోపు తెస్తే మార్చిస్తాను" అని కూడా చెప్పాడు. మార్చే అవసరమే రాదని టైలర్ అందరికీ వినిపించేలా అన్నాడు. రెండో చిక్కు ఆ మాటే.

రెండింటికి వచ్చిన భార్య ముఖం నిజంగానే వెలిగింది, సైకిల్ పక్కన నిలబడేదాకా. కడ్డీ మీదుగా కాలు వేస్తే ఖాళీ లేదు సరికదా, మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది.

"పెద్దదైందండీ. పదండి, మార్చి తెచ్చుకుందాం."

అంత గొప్పలు పోయి, మళ్ళీ ఆ షాపు మెట్లెక్కడమా! "మార్చడం దేనికి? కాస్త ఆల్టర్ చేస్తే సరి" అన్నాడు టైలర్. అతని దృష్టిలో ప్రపంచంలో ఆల్టర్ చేయలేనిది లేదు.

వీధి మలుపులోని వెల్డర్ సీటు కింది గొట్టాన్ని అరచెయ్యంత కోశాడు. సీటు దిగింది గాని కడ్డీ దిగలేదు. దాంతో టైలర్ కోట్ల భుజాల్లో పెట్టే మెత్తలు రెండు జతలు తీసుకొచ్చి భార్య బూట్లలో దూర్చాడు. ఆమె ఎత్తు పెరిగింది. బూట్ల లేసులు మాత్రం కట్టుకోవడానికి రాలేదు.

"ఇలా బాగుంటుందంటారా?" అంది ఆమె అనుమానంగా. రేపటి కొండ మీద ఆశ లేకపోతే ఆ బూట్లు ఆమె వేసుకునేదే కాదు.

"నేనున్నాగా, పట్టుకుంటాను."

టేపు మెడలో వేసుకుని అతను పక్కన పరుగెత్తాడు. మలుపు దాకా అంతా బాగానే ఉంది. అక్కడ ఆటో అడ్డం వచ్చింది. ఆమె బ్రేకు వేసి కాలు కింద పెట్టబోయింది. కాలికన్నా ముందు బూటు కింద పడింది. తర్వాత ఆమె, ఆమె కింద టైలర్, అందరి మీద సైకిల్. భుజాల మెత్తలు వీధి మధ్యలో పడి ఉన్నాయి. ఆటోవాలా దిగి వాటిని ఏరి, దేనికో అర్థంకాక, మర్యాదగా టైలర్ చేతిలో పెట్టాడు.

వాచిన చీలమండకు ఆమె తనే కట్టు కట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేదని అతను రాత్రంతా అనుకున్నాడు.

ఆదివారం తెల్లవారగానే నలుగురు నర్సులూ కిటికీ దగ్గర బెల్లులు మోగించి, చేతులూపి వెళ్ళిపోయారు. ఆమె వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూసింది.

"ఈపాటికి కొండ మొదట్లోకి చేరి ఉంటారు" అంది కాసేపటికి, ఎవరితోనూ కాకుండా.

టైలర్ మూలనున్న సైకిల్‌నీ, దాని వంగిన హ్యాండిల్‌నీ చూశాడు. రెండింటిదాకా ఆగి ఉంటే చాలు. ఆమె అడిగింది అదొక్కటే.

ఆమె నడవగలిగాక ఇద్దరూ సైకిల్ తీసుకుని షాపుకు వెళ్ళారు. షాపతను ఆమెను గోడకు ఆనుకుని నిలబడి కాళ్ళ మధ్య ఒక పుస్తకం పట్టుకోమని, నేల నుంచి దాని దాకా కొలిచాడు. "ఇరవై ఏడు."

"పుస్తకంలో ఇరవై తొమ్మిది ఉందే!" అంది ఆమె.

టైలర్ నేలచూపులు చూశాడు. "ఉతికితే బట్ట కుంచించుకుపోతుందని ఎప్పుడూ రెండు కలిపే రాస్తాను. షాపులో ఇంకో రెండు కలిపాను."

"సైకిల్ కుంచించుకుపోదండీ" అన్నాడు షాపతను, చాలా జాలిగా. "గొట్టం కోయకుండా, హ్యాండిల్ వంగకుండా ఉంటే మార్చేవాణ్ణి. ఇప్పుడిది మీ ఎత్తువాళ్ళకే పనికొస్తుంది సార్."

అదనపు డ్యూటీలు మళ్ళీ మొదలయ్యాయి. మూడు నెలల తర్వాత ఆమె ఒక్కతే వెళ్ళి, ఏడు సైకిళ్ళ మీద నిలబడి చూసి, ఎవరో వాడి అమ్మిన ఎనిమిదోది కొనుక్కుంది. మొదటిదానికన్నా చవక. నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది.

ఇప్పుడు ఆదివారాలు ఆమె కొండెక్కుతుంది. "మీరూ రండి, అది మీ కొలతేగా" అని ఆమే పిలిచింది. అందరికన్నా వెనక, గొట్టం కోసిన సీటు మీద, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా టైలర్ వస్తుంటాడు. కొండదారి మలుపు దగ్గర ఆమె ఆగి అతని కోసం చూస్తుంది. ఆమె కిటికీలోంచి చూస్తూ ఉండిపోయిన ఆ ఆదివారం గుర్తొచ్చి అతను తల దించుకుని తొక్కుతాడు.

కొత్త సీటు గొట్టానికి పెద్దగా ఖర్చు కాదు, వేయించుకోమని షాపతను రెండుసార్లు చెప్పాడు. అక్కర్లేదు, నా తొందరకి ఇదే సరిపోయింది అన్నాడు టైలర్.