కునుకు అభియోగము, అల్లుని దిగ్విజయము

సమస్త జీవకోటియు మధ్యాహ్న నిద్రకు తలవంచు ఆదివార శుభవేళ, రెండవ అంతస్తు వంటగది ప్రక్కన, ఒక కాలు కుంటు భోజనబల్ల చుట్టూ, మూడు టీ కప్పులు పొగలు గ్రక్కుచుండగా సంభవించిన ఘోర సంగ్రామమును చెప్పెద, వినుడు.

ఒకవైపు అల్లుడు: బడిలో లెక్కల మాస్టారు, పాప్‌కార్న్ పర్వత విధ్వంసకుడు, హాస్యచిత్ర పక్షపాతి. ఎదుట బావమరిది: బ్యాంకు ఉద్యోగి, మందగమన విషాదచిత్రారాధకుడు, తెరపై ఎవడైనను వాన చూచుచు నిలుచున్న చాలు, కండ్లు తుడుచుకొను సుకుమార హృదయుడు. నడుమ ధర్మపీఠమున అత్తగారు. ఆ యింటి శాసనము ఆమెదే: సినిమా హాలులో కునికినవానికి వచ్చే వారపు చిత్రమును ఎంచు ఓటు లేదు. ఇరువురి ఓట్లును సమమైనను, రెండును చెల్లకున్నను, ఆమె మాటే చెల్లును. అల్లుని భార్య, ఆదివారములు ఆసుపత్రి డ్యూటీ పుణ్యమా అని, ఈ రణము తప్పించుకొన్న ధన్యురాలు.

నిద్రాభియోగమున వారము వారము ఓటు కోల్పోయిన ఆ అల్లుడు విషాదము వెంట విషాదము మ్రింగెను. ఒకదానిలో భార్యాభర్తలు విడిపోవుదుమా వద్దా యనుచు గిన్నెలు తోముచునే యుండిరి; గిన్నెలు తళతళలాడెను గాని కథ తెమలలేదు. నేటి ఉదయపు ఆటలో తండ్రిని పోగొట్టుకొన్న కొడుకు కిటికీకి అతుక్కుపోయెను. ఇప్పుడును ఓడినచో, మాటలే లేని మూడు గంటల లైట్‌హౌస్ చిత్రము తప్పదు. గెలిచినచో, ఇద్దరు దొంగలు ఒకే బీరువాలో దాగు హాస్యచిత్రము.

బావమరిది తొలి బాణము సంధించెను.

"బావా, ఇవాళ కూడా పడుకున్నావు. కొడుకు కిటికీ దగ్గర కూర్చోగానే నీ తల వాలింది."

"కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నాను."

"గురక పెట్టి ఆలోచిస్తారా ఎవరైనా?"

అత్తగారు టీ చప్పరించి, "సరే బాబూ, తర్వాతేం జరిగిందో చెప్పు. చెప్తే ఓటు ఉంటుంది," అని తీర్పు నిలిపిరి.

"కిటికీ దగ్గర కూర్చున్నాడు అత్తయ్యా. నేను కళ్లు మూసినప్పుడూ అక్కడే, తెరిచినప్పుడూ అక్కడే. మధ్యలో లేచుంటే కుర్చీ అయినా జరిగేది కదా."

"ఆ మౌనం నీకు ఎక్కదులే బావా. నీకు ఎవడో ఒకడు జారిపడాలి."

"పడాలి. తప్పేముంది? అలాగని పోయిన నెల ఆ పెళ్లి కామెడీని మెచ్చుకున్నానా? జోకు వాళ్లే వేసి, నవ్వమని వెనక డప్పు కూడా వాళ్లే కొట్టారు. చెత్తని చెత్తే అన్నాను. కామెడీ బాగోకపోతే హాలంతటికీ తెలిసిపోతుంది. ఏడుపు సినిమా బాగోకపోతే మాత్రం తప్పు మనదే అంటారు."

ఆ గదాఘాతమునకు ప్రత్యర్థి తూలెను గాని కూలలేదు.

"మాట మార్చకు. నీ తల ఊగింది, నోరు తెరుచుకుంది, పాప్‌కార్న్ డబ్బా ఒళ్లోంచి జారుతుంటే నేనే పట్టుకున్నాను. అమ్మా, నేను అంతా చూశాను."

అంతట గణితశాస్త్ర కోవిదుని బుర్రలో పిడుగు పడినట్లు మెరుపు మెరిసెను.

"అంతా చూశావా?"

"రెప్ప వెయ్యకుండా."

"నన్నే?"

"నిన్నే."

"మరి సినిమా ఎవరు చూశార్రా?"

అత్తగారు కొడుకువైపు తిరిగిరి. "ఏరా, ఆ పిల్లాడు చివర్లో ఎందుకు ఏడ్చాడో నువ్వు చెప్పు."

బావమరిది కిటికీవైపు చూచెను. చూచుచునే యుండెను. నేటి కథానాయకుడును అంత చక్కగా నటించలేదు.

"ఇద్దరి ఓట్లూ చెల్లవు," అనిరి అత్తగారు. "ఒకడు నిద్రపోయాడు, ఇంకొకడు ఆ నిద్రని చూశాడు. బీరువా సినిమాకే పోదాం. లైట్‌హౌస్ ఎక్కడానికి నాకు మోకాళ్లు లేవు."

ఇట్లు తన ఓటు పోగొట్టుకొనియే గెలిచిన ఆ మహావీరుడు, చల్లారిన టీని అమృతమువలె గ్రోలి, టికెట్లకై ఫోను చేతబట్టెను. మిగిలినవి తెర క్రిందనున్న మొదటి వరుస సీట్లే. మెడ వెనుకకు విరిచిననే గాని బొమ్మ కనబడదు. అతడు మాత్రము చిరునవ్వు నవ్వెను. ముందే మెడ వాల్చి కూర్చున్నవాని తల వాలినదని ఏ బావమరిది నిరూపించగలడు?